కారు మీటర్‌లో వెలిగే లైట్ల గుర్తులు: బెంగళూరులో కారు నడిపే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగి, పండగకో పెళ్లికో రాత్రికి రాత్రి అనంతపురమో, చిత్తూరో, కడపో బయలుదేరే మనవాళ్లు బెంగళూరులో లెక్కలేనంతమంది. వాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. కారు బయటి లైట్లకు సంబంధించి మీటర్‌లో కనిపించే గుర్తులు మహా అయితే పది పన్నెండు. వాటిని చదవడం ఒక్క సాయంత్రం పని. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి కాబట్టి మీ కారు మాన్యువల్‌లో లైట్ల పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి.

మీటర్‌లో ఆకుపచ్చ గుర్తు వెలిగితే బయట లైటు వెలుగుతున్నట్టేనా?

కాదు. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. చాలా కార్లలో ఆ పచ్చ గుర్తు చెప్పేది మీరు స్విచ్ వేశారని మాత్రమే. అక్కడి నుంచి రిలే, ఫ్యూజు, వైరు, హోల్డర్ దాటుకుని బల్బు దాకా కరెంటు వెళ్లిందో లేదో దానికి తెలియదు. ఎడమ హెడ్‌లైటు ఫిలమెంటు తెగిపోయినా, వెనక టెయిల్ లైట్లు రెండూ ఆరిపోయినా లోపల గుర్తు మామూలుగానే వెలుగుతుంది. బల్బు పోయిన సంగతి కనిపెట్టి చెప్పే ఏర్పాటు కొన్ని కార్లలోనే ఉంటుంది, దానికి వేరే గుర్తు. అందుకే వారానికోసారి కారు దిగి చుట్టూ తిరిగి చూడమని అందరికీ చెబుతుంటాను.

రంగును బట్టి ఏం అర్థం చేసుకోవాలి?

ఆకుపచ్చ అయితే మీరు ఆ లైటు స్విచ్ వేశారని. నీలం హై బీమ్‌కు, అంటే దూరం దాకా పడే హెడ్‌లైటు వెలుతురుకు మాత్రమే. పసుపు అయితే ఏదో లోపం ఉంది, వీలైనంత త్వరగా చూపించుకోవాలి. బయటి లైట్ల విషయంలో ఎరుపు దాదాపు కనపడదు, హజార్డ్ (రెండు పక్కల ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకోవడం) త్రికోణం ఒక్కటే. పసుపులో ఒక మినహాయింపు ఉంది: వెనక ఫాగ్ లైటు, అంటే పొగమంచులో వేసే లైటు, దాని గుర్తు కూడా పసుపే. అది లోపం కాదు, మీరు వేసిందే. అయితే అక్కర తీరగానే ఆపెయ్యాలి.

పచ్చ గుర్తులు మూడు నాలుగు ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా తెలుస్తుంది?

గీతలు చూడండి. రెండు చిన్న దీపాలు వీపు వీపు ఆనించుకుని, గీతలు చెరో పక్కకూ వెళ్తుంటే అది పార్కింగ్ లైటు. దాంతోపాటే వెనక టెయిల్ లైట్లు, నంబరు ప్లేటు లైటు వెలుగుతాయి. ఒకే దీపం, గీతలు ఎడమ పక్కకు కిందికి వాలి ఉంటే లో బీమ్, అంటే డిమ్. అవే వాలిన గీతల్ని ఒక వంకర గీత అడ్డంగా కోస్తే ముందు ఫాగ్ లైటు. గీతలు వాలకుండా తిన్నగా ఉండి, నీలంగా ఉంటే హై బీమ్. దీపం బొమ్మ అటు తిరిగి, గీతలు కుడి పక్కకు తిన్నగా ఉండి, వాటిని వంకర గీత కోస్తుంటే వెనక ఫాగ్ లైటు. ముందు లైట్ల గీతలు ఎడమకు, వెనక దాని గీతలు కుడికి అని పెట్టుకుంటే తికమక ఉండదు. ఈ బొమ్మలు ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉంటాయి కాబట్టి మారుతీలో నేర్చుకున్నది స్కోడాలోనూ పనికొస్తుంది.

కొన్ని కార్లలో లో బీమ్‌కు విడిగా గుర్తే ఉండదు. పార్కింగ్ లైటు గుర్తు ఒక్కటే రెండింటికీ వెలుగుతుంది. అలాంటి కారులో పార్కింగ్ లైట్ల మీదే నడిపేస్తున్నామా, హెడ్‌లైట్లు వేశామా అన్నది స్విచ్ చూసుకుంటే తప్ప తెలియదు.

సాయంత్రం ముందు లైట్లు వెలుగుతున్నాయి, మీటర్ కూడా వెలుగుతోంది. అయినా వెనకవాళ్లు హారన్ కొట్టి లైటు లేదంటున్నారు. ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం ఇదే. బెంగళూరు రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. చాలా కొత్త కార్లలో ముందు డీఆర్ఎల్ ఉంటోంది, అంటే పగటి పూట ఎదుటివాళ్లకు కారు కనపడటానికి ఇంజిన్ ఆన్ కాగానే దానంతటదే వెలిగే తెల్ల లైటు. వీధి దీపాల వెలుతురులో అది కాస్త దూరం రోడ్డును కూడా చూపిస్తుంది. మీటరేమో ఇప్పుడంతా డిజిటల్ తెర, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పాత కార్లలో లైటు వేస్తే గాని మీటర్ కనపడేది కాదు, కాబట్టి మరిచిపోయే అవకాశం తక్కువ. ఇప్పుడు ముందు వెలుతురు ఉంది, లోపల వెలుతురు ఉంది, లైట్లు వేసేశామని మనసు నమ్మేస్తుంది. కానీ చాలా కార్లలో డీఆర్ఎల్ వెలిగినప్పుడు వెనక టెయిల్ లైట్లు వెలగవు. హెబ్బాళ ఫ్లైఓవర్ దిగి ఎయిర్‌పోర్టు రోడ్డులో వేగం అందుకున్న నల్ల రంగు కారు వెనక నుంచి చీకట్లో ఒక నీడలా ఉంటుంది, బ్రేకు వేసినప్పుడే హఠాత్తుగా కనపడుతుంది.

దీనికి ఆధారం మీటర్‌లోనే ఉంది. పచ్చ పార్కింగ్ గుర్తు లేదా లో బీమ్ గుర్తు కనపడితేనే లైట్లు వేసినట్టు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. చాలా కార్లలో లైట్లు వేయగానే మీటర్ వెలుతురు ఒక మెట్టు తగ్గుతుంది. రాత్రి పూట మీటర్ కళ్లలో పొడుస్తున్నట్టు ఉందంటే లైట్లు వేయలేదేమోనని అనుమానించండి. నవంబరు చివర్లో ఇక్కడ ఆరు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు, జులైలో ఏడుకు కాస్త ముందు. ఆఫీసు వదిలే వేళకు, ఆ కాస్త వెలుతురు మిగిలి ఉండగానే లైట్లు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

స్విచ్ ఎప్పుడూ ఆటోలో పెట్టేస్తే సరిపోదా?

చాలావరకు సరిపోతుంది. కారులో ఆ ఏర్పాటు ఉన్నవాళ్లను అలాగే పెట్టుకోమంటాను. కానీ ఆటోలో లైట్లు వేసేది ఒక సెన్సర్, అది చూసేది వెలుతురు ఎంతుందనే. పొద్దున్న ఏడున్నరకు దేవనహళ్లి, చిక్కబళ్లాపుర మధ్య పొగమంచు కమ్మినప్పుడు చుట్టూ తెల్లగా, బాగా వెలుతురుగానే ఉంటుంది. సెన్సర్ పగలే అనుకుని లైట్లు వేయదు. పట్టపగలు జోరువాన పడుతున్నప్పుడూ కొన్ని కార్లలో అంతే. ఆ రెండు వేళల్లో చేత్తో తిప్పి వేసుకోండి.

పగటి పూట ఎండలో కూడా లైట్లు వాటంతటవే వెలుగుతుంటే సెన్సర్‌ను ఏదో కప్పేసింది. అది ముందు అద్దం పైభాగంలో గాని, డాష్‌బోర్డు మీద అద్దానికి దగ్గరగా చిన్న నల్ల బొత్తంలా గాని ఉంటుంది. వినాయకుడి బొమ్మ, తుండుగుడ్డ, టోల్ రసీదు దాని మీద పడితే చాలు, కారుకు రాత్రయినట్టే. మొదట అక్కడ చూడండి, షోరూమ్‌కు తర్వాత వెళ్లొచ్చు.

నీలం గుర్తు ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు ఉండకూడదు?

వీధి దీపాలున్న నగరం రోడ్డు మీద అసలు ఉండకూడదు. సిల్క్ బోర్డు దగ్గరైనా, మారతహళ్లి దగ్గరైనా నీలం గుర్తుతో కారు నడపడానికి ఒక్క కారణం కూడా లేదు. హైవే మీద ఎదురుగా బండి రానప్పుడు, ముందు బండి దూరంగా ఉన్నప్పుడు వేసుకోవచ్చు. ఎదురు బండి కనపడగానే డిమ్ చేయాలి. ముందు వెళ్తున్న కారు వెనకకు దగ్గరగా చేరినప్పుడూ అంతే, మన వెలుతురు వాళ్ల అద్దాల్లో పడి వాళ్లకు ఏమీ కనపడదు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు ఎదుటి బండి ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. అక్కడ చేయి స్విచ్ మీదే ఉంచుకోండి.

నీలం గుర్తు ఒక్క క్షణం మెరిసి పోతే అది డిప్పర్ కొట్టినప్పటిది, అంటే ఎదుటివాళ్లకు సైగగా హై బీమ్ ఒక్కసారి మెరిపించినప్పటిది. హెడ్‌లైటు బొమ్మ మీద ‘ఏ’ అక్షరం ఉన్న గుర్తు వెలిగితే ఆటో హై బీమ్ సిద్ధంగా ఉందని. కెమెరా ఎదుటి లైట్లను చూసి దానంతటదే డిమ్ చేస్తుంది. డివైడర్ మీద చెట్లున్నచోట, లైటు లేని ఎడ్లబండి, ట్రాక్టరు ఎదురైనప్పుడు దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇండికేటర్ ఒక పక్కకు వేసినప్పుడు టకటకా వేగంగా కొట్టుకుంటోంది. ఏమైంది?

ఆ పక్క ముందుదో వెనకదో బల్బు పోయింది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి. ఒక బల్బు పోతే ఆ పక్కకు వెళ్లే కరెంటు తగ్గుతుంది, ఫ్లాషరో కంట్రోల్ యూనిటో దాన్ని గమనించి వేగం పెంచుతుంది. బయటి బల్బు సంగతి లోపలికి నమ్మకంగా చేరవేసే గుర్తు చాలా కార్లలో ఇదొక్కటే. హజార్డ్ వేసి, కారు చుట్టూ ఒకసారి తిరిగితే పోయిందేదో తెలిసిపోతుంది. అద్దం మీదో ఫెండర్ మీదో ఉండే చిన్న లైటు పోతే మాత్రం సాధారణంగా వేగం మారదు. మామూలు బల్బు తీసి ఎల్ఈడీ పెట్టించాక ఈ టకటక మొదలైతే బల్బు బాగానే ఉంది, అది వాడే కరెంటు తక్కువ కావడమే కారణం.

వానలో అందరూ హజార్డ్ వేసుకుని వెళ్తున్నారు. నేనూ వేయాలా?

వద్దు. హజార్డ్ ఉన్నది కారు ఆగిపోయిందని, అడ్డంగా ఉందని చెప్పడానికి. రెండు బాణాలూ కొట్టుకుంటుంటే చాలా కార్లలో ఇండికేటర్ వేసినా పనిచేయదు. అంటే మీరు లేన్ మారుతున్నారో లేదో వెనకవాళ్లకు తెలిసే దారే లేదు. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద జోరువానలో పక్కపక్కనే నాలుగు కార్లు ఇలా వెళ్తుంటే ఆగిందేదో, కదులుతున్నదేదో అర్థం కాదు. వానలో లో బీమ్ వేసుకోండి, టెయిల్ లైట్లు వాటితోపాటే వస్తాయి. ఏమీ కనపడనంత వాన అయితే రోడ్డు దిగి ఆపుకుని, అప్పుడు హజార్డ్ వేయండి.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు బాణాలూ వాటంతటవే కొట్టుకుంటే కంగారు పడకండి. వెనకవాళ్లను హెచ్చరించడానికి కొన్ని కార్లలో ఉన్న ఏర్పాటు అది.

నంది హిల్స్‌కు తెల్లవారుజామున వెళ్తాం. ఫాగ్ లైట్లు ఎలా వాడాలి?

పార్కింగ్ లైట్లు వేశాకే చాలా కార్లలో ఫాగ్ లైట్లు వెలుగుతాయి. ముందు ఫాగ్ లైట్లు కిందుగా, వెడల్పుగా రోడ్డు అంచును చూపిస్తాయి. లో బీమ్‌తో కలిపి వాడండి. హై బీమ్ వేస్తే మంచు బిందువులకు తగిలి వెలుతురంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది, కళ్ల ముందు తెల్ల గోడ లేస్తుంది. వెనక ఫాగ్ లైటు దాదాపు బ్రేకు లైటంత తీవ్రంగా ఉంటుంది. మంచు విడిపోయాక కూడా దాన్ని అలాగే ఉంచితే వెనకవాడి కళ్లు చెదురుతాయి, మీరు బ్రేకు వేసినా అతనికి తేడా తెలియదు. పసుపు గుర్తు అందుకే. కొన్ని కార్లలో వెనక ఒక పక్కే వెలుగుతుంది, అది కంపెనీ పెట్టిన తీరే.

మలుపు తిరిగేటప్పుడు ముందు ఫాగ్ లైటు ఒక్కటే వెలిగి ఆరుతుంటే అదీ మామూలే, మలుపును చూపించడానికి.

బల్బు బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం, పసుపు రంగు. అర్థం ఏమిటి?

బయటి బల్బుల్లో ఏదో పనిచేయడం లేదని కారు కనిపెట్టింది. కొన్ని కార్లు ఏ బల్బో తెర మీద రాసి చెబుతాయి, కొన్ని చెప్పవు. బల్బు తీసుకునే కరెంటును బట్టి కారు ఇది తెలుసుకుంటుంది. అందుకే బయట కొన్న ఎల్ఈడీ పెడితే, అది చక్కగా వెలుగుతున్నా, కరెంటు తక్కువ కావడం వల్ల ఈ గుర్తు రావచ్చు. బల్బు మార్చినా గుర్తు పోకపోతే హోల్డర్‌లో తుప్పు, కరిగిన కప్లర్ (వైర్లను బల్బుకు కలిపే ప్లగ్గు), వదులైన ఎర్త్ (కరెంటు తిరిగి కారు బాడీలోకి వెళ్లే వైరు) చూడాలి.

హెడ్‌లైటు బొమ్మ, పైకీ కిందికీ బాణం, పసుపు రంగు?

వెలుతురు ఎత్తును దానంతటదే సర్దే వ్యవస్థలో లోపం. హెడ్‌లైటు పక్కన వంగిన బాణం ఉంటే మలుపులో తిరిగే లైట్లలో లోపం. రెండింటిలోనూ లైటు వెలుగుతుంది, కానీ ఎక్కడో పడుతుంది. త్వరగా చూపించండి.

వెలుతురు ఎత్తు దానంతటదే సర్దుకోని కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. ఏళ్ల తరబడి కారు నడిపినా దాన్ని ముట్టుకోనివాళ్లు చాలామంది. సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను సర్దితే కారు వెనక భాగం కుంగుతుంది, ముందు లైటు పైకి లేస్తుంది. మీరు లో బీమ్‌లోనే ఉన్నా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. వాళ్లు మీకు డిప్పర్ కొడుతుంటారు, మీ మీటర్‌లో నీలం గుర్తు ఉండదు. చక్రాన్ని 2కో 3కో తిప్పితే వెలుతురు కిందికి దిగుతుంది. ఊరు చేరి సామాను దించాక మళ్లీ 0.

టెయిల్ లైట్లకు, బ్రేకు లైట్లకు మీటర్‌లో గుర్తు లేదు. అవి పోతే ఎలా తెలుస్తుంది?

చాలా కార్లలో తెలియదు, మనమే చూసుకోవాలి. దీనికి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ కంటే మంచి చోటు లేదు. రాత్రి కారును వెనక్కి తెచ్చి, గోడకు నాలుగడుగుల దూరంలో ఆపండి. పార్కింగ్ లైట్లు వేసి అద్దాల్లో చూడండి: గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు, మధ్యలో నంబరు ప్లేటు తెల్లటి వెలుతురు పడాలి. బ్రేకు నొక్కండి: రెండు మచ్చలూ ఒకేసారి, ఒకే మోతాదులో చిక్కబడాలి, మధ్యలో పైనున్న మూడో బ్రేకు లైటు కూడా కలవాలి. ఒక పక్క మచ్చ పలచగా ఉండిపోతే అటు బ్రేకు ఫిలమెంటు పోయింది. మామూలు బల్బులున్న చాలా కార్లలో టెయిల్‌కూ బ్రేకుకూ ఒకే బల్బు, లోపల 5 వాట్లదొకటి, 21 వాట్లదొకటి, రెండు ఫిలమెంట్లు. ఒకటి పోయి ఇంకొకటి వెలుగుతూ ఉండొచ్చు. బ్రేకు నొక్కితే అదే పక్క ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే ఎర్త్ సరిగా లేదు. చివరగా రివర్స్ గేరు వేసి తెల్ల లైటు చూసి, ఇంజిన్ ఆపండి. గోడ ముందు ముక్కు పెట్టి ఆపితే హెడ్‌లైట్లూ ఇలాగే చూసుకోవచ్చు.

పుష్ స్టార్ట్ కారు బ్రేకు నొక్కినా స్టార్ట్ కాకపోతే, లేదా క్రూయిజ్ (వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే ఏర్పాటు) పనిచేయకపోతే బ్రేకు పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పోయిందేమో చూపించండి. ఆ స్విచ్ పోతే బ్రేకు లైట్లు వెలగకుండానైనా పోతాయి, ఆరకుండా వెలుగుతూనైనా ఉంటాయి.

రాత్రి లైట్లు వేస్తే లోపల స్విచ్‌ల వెలుతురు రావడం లేదు, హెడ్‌లైట్లు మాత్రం ఉన్నాయి?

వెంటనే దిగి వెనక్కి వెళ్లి చూడండి. చాలా కార్లలో టెయిల్ లైట్లకు, నంబరు ప్లేటుకు, లోపలి స్విచ్‌ల వెలుతురుకు ఒకే ఫ్యూజు ఉంటుంది. ఏసీ బొత్తాలు చీకటిగా ఉన్నాయంటే వెనక లైట్లు కూడా పోయి ఉండొచ్చు. ఫ్యూజు మార్చేటప్పుడు దాని మీద ఎంత ఆంపియర్ రాసి ఉందో అంతే వేయాలి. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే వైరు ఎక్కడో షార్ట్ అవుతోంది. ఎక్కువ ఆంపియర్ ఫ్యూజు వేసి నెట్టుకొస్తే వైరింగ్ కాలుతుంది.

ఇంజిన్ ఆపి తాళం వేశాక కూడా లైటు వెలుగుతోంది?

హెడ్‌లైట్లయితే అర నిమిషం ఆగండి, ఇంటి గుమ్మం దాకా వెలుతురివ్వడానికి పెట్టిన ఏర్పాటు కావచ్చు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి యూరప్ కార్లలో ఒక పక్క పార్కింగ్ లైటు మాత్రమే వెలుగుతుంటే, ఇంజిన్ ఆపేటప్పుడు ఇండికేటర్ స్విచ్ ఆ పక్కకే ఉండిపోయింది. దాన్ని మధ్యకు తెస్తే ఆరిపోతుంది.

జేసీ రోడ్డులో ఎల్ఈడీ బల్బులు తక్కువకే దొరుకుతున్నాయి. వేయించుకోవచ్చా?

హాలోజన్ (ఫిలమెంటు వేడెక్కి వెలిగే మామూలు బల్బు) కోసం చేసిన హెడ్‌లైట్లో వేయించుకోవద్దు. ఆ రిఫ్లెక్టర్ వంపు అంతా హాలోజన్ ఫిలమెంటు ఉండే సరిగ్గా ఆ చోటును బట్టి గీసింది. ఎల్ఈడీలో వెలుగు పుట్టే చోటు, ఆకారం వేరు. కాబట్టి వెలుతురు చెల్లాచెదురై పైకి కొడుతుంది, మీకు తెల్లగా కనపడుతుంది, ఎదురొచ్చే బైకు కుర్రాడికి రోడ్డే మాయమవుతుంది. మీటర్‌లో అది లో బీమ్‌గానే కనపడుతుంది, అదే ప్రమాదం. 2024 జులైలో కర్ణాటక పోలీసులు ఇలా కళ్లు చెదరగొట్టే లైట్ల మీద రాష్ట్రమంతా ప్రత్యేకంగా కేసులు పెట్టారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177 కింద మొదటిసారి 500, మళ్లీ దొరికితే 1500 రూపాయల దాకా జరిమానా. వెలుతురు చాలడం లేదంటే ముందు హెడ్‌లైటు అద్దం పసుపెక్కిందేమో చూసి పాలిష్ చేయించండి, కొత్త హాలోజన్ జత వేయించండి. తేడా మీకే తెలుస్తుంది.

రాత్రి దారి మధ్యలో లో బీమ్ పోతే ఏం చేయాలి?

ఒక పక్కే పోతే బల్బు, రెండూ ఒకేసారి పోతే ఎక్కువగా ఫ్యూజు, రిలే లేదా స్విచ్. ముందు హజార్డ్ వేసి, రోడ్డు దిగి, వీలైతే పెట్రోలు బంకులో ఆపండి. హై బీమ్ పనిచేస్తోంది కదా అని దాని మీదే ఊరు చేరాలనుకోకండి. ఎదురొచ్చే ప్రతివాడికీ అది గండమే. ఒక పక్క మాత్రమే వెలిగే కారు దూరం నుంచి బైకులా కనపడుతుంది, దాన్ని తప్పించుకోవడానికి ఎదుటివాడు తక్కువ చోటు వదులుతాడు.

మీ కారుకు హెచ్4 బల్బు అయితే మార్చడం కష్టం కాదు. లైట్లు ఆపి, పోయిన బల్బు చల్లబడనివ్వండి. బానెట్ ఎత్తి హెడ్‌లైటు వెనక మూడు పిన్నుల కప్లర్ లాగండి, రబ్బరు టోపీ తీయండి, స్ప్రింగ్ క్లిప్పు నొక్కి పక్కకు తప్పిస్తే బల్బు చేతికొస్తుంది. కప్లర్ లోపల గోధుమ రంగులో కాలి ఉంటే కొత్త బల్బు కూడా ఎక్కువ రోజులు ఉండదు, కప్లర్ కూడా మార్పించాలి. కొత్త బల్బు గాజును వేలితో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. మూడు చెవులూ గాడిలో కూర్చుంటేనే క్లిప్పు పడుతుంది, బలవంతం చేయకండి. 12 వోల్టులు, 60/55 వాట్లు అని రాసి ఉన్నదే కొనండి. ఒక హెడ్‌లైటు బల్బు, ఒక టెయిల్ బల్బు, నాలుగు ఫ్యూజులు చిన్న డబ్బాలో పెట్టి గ్లోవ్ బాక్సులో ఉంచుకోండి.